సుందరమ్మ అనే మిషన్ టీము

మా నవకరుణ బాలసదనానికి మిషన్ టీములుగా సేవ చెయ్యడానికి వచ్చిన విదేశీ అతిథుల్లో ఒకాయన ఏ పిల్లతోనూ మనసు కలవకుండానే తిరుగు విమానం ఎక్కేశాడు. ఎక్కి ఊరుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. దేశం చేరాక మా పైవాళ్ళకు ఫిర్యాదు రాశాడు. అంత దూరం వచ్చి, గోడకు రంగు వేసి, గోదావరి జిల్లా దోమలకు ఒళ్ళు అప్పగించి, చివరికి గుండె కరగకుండానే ఇంటికి రావలసి వచ్చిందని అందులో వాపోయాడట. ఆ ఫిర్యాదు సముద్రాలు దాటి వచ్చి మా నెత్తిన రూలుగా పడింది. సదనాన్ని సందర్శించే ప్రతి అతిథికీ, తిరుగు ప్రయాణం లోపు, ఒక అనాథ బిడ్డతో అనుబంధం ఏర్పడి తీరాలి. ఏర్పడినట్టు డైరెక్టరు కళ్ళారా చూసి ధ్రువీకరించాలి.

మా డైరెక్టరు బెన్యామీను గారికి రూలంటే ప్రాణం. రూలు వచ్చిన రోజున ఆయన భోజనం కూడా నిలబడే చేశారు. అనుబంధం యాదృచ్ఛికంగా జరిగే వ్యవహారం కాదని, దానికి కార్యాచరణ ప్రణాళిక, దశలవారీ అమలు, ఫలితాల మదింపు అవసరమని స్టాఫ్ మీటింగులో చెప్పి, సాయంత్రానికల్లా ప్రణాళిక తయారు చేశారు. మొదటి రోజు బిడ్డ వరండా స్తంభం వెనకనుంచి అతిథిని బిడియంగా చూడాలి. రెండో రోజు బంతిపువ్వు ఇచ్చి ఒళ్ళో కూర్చోవాలి. మూడో రోజు అతిథి వ్యాను ఎక్కుతుంటే ఏడవాలి. ఏడిస్తే అనుబంధం ఏర్పడినట్టు. ఏడవకపోతే లేనట్టు. ఇంత చిన్న విషయం కోసం పెద్దపెద్ద పుస్తకాలు ఎందుకు రాస్తారో తనకు అర్థం కాదన్నారు.

నేను సదనంలో దుబాసీని. పేరు యోనా, పిలిచేది యోనా మాస్టారని. అతిథులు ఇంగ్లీషులో ప్రేమిస్తారు, పిల్లలు తెలుగులో పుచ్చుకుంటారు, మధ్యలో నేను ఉంటాను. బిడ్డల సంరక్షణ నిబంధన ప్రకారం అతిథి పిల్లతో నేరుగా మాట్లాడకూడదు, పిల్ల అతిథితో నేరుగా మాట్లాడకూడదు. ఏ ముక్కయినా నా నోటిమీదుగా వెళ్ళవలసిందే. అందువల్ల ఈ జిల్లాలో నా అంత ప్రేమగా మాట్లాడిన మగవాడు ఇంకొకడు లేడు. ఇంట్లో మా ఆవిడ మాత్రం ఈ మాట ఒప్పుకోదు.

ప్రణాళిక అమల్లోకి వచ్చాక మా దగ్గర బాగా పైకి వచ్చిన పిల్ల జెమీమా. తొమ్మిదేళ్ళుంటాయి. మిగతా పిల్లలు ఏడుపు రాక నానా తంటాలు పడుతుంటే, ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుంటుంటే, ఈ పిల్లకు ఏ ఏర్పాటూ అక్కర్లేదు. వ్యాను ఇంజను చప్పుడు చేస్తే చాలు, చెంపల మీద నీళ్ళు కారిపోయేవి. అతిథులు సరే, నెలకు పదిసార్లు చూసే వ్యాను డ్రైవరు కూడా కళ్ళు తుడుచుకుని గేరు వేసేవాడు. అంత బాగా ఎలా వస్తోందో కనుక్కోమని డైరెక్టరు గారు నన్ను పురమాయిస్తే అడిగాను. ఇలాంటి వ్యానులోనే మా అమ్మ ఎక్కి వెళ్ళిపోయిందండీ, అని చెప్పింది జెమీమా. డైరెక్టరు గారు శ్రద్ధగా విన్నారు. ఇది అనుకరణీయమైన పద్ధతి అని, తక్కిన పిల్లలకు కూడా నేర్పే అవకాశాన్ని పరిశీలించమని వార్డెనుకు చెప్పారు.

అసలు చిక్కు అక్కడే ఉంది. జెమీమాకు అమ్మ ఉంది. ఆవిడ పేరు సుందరమ్మ. మొగల్తూరు వైపు మనిషి. మొగుడు చేపల వేటకు వెళ్ళి సముద్రంలో పోతే, పిల్లను మా దగ్గర దింపి, కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. నేను వచ్చేదాకా చూసుకోండి, వచ్చి తీసుకెళ్తాను అన్నది ఒప్పందం. కాని సదనానికి కావలసింది అనాథలు. పరిచయ పత్రంలో జెమీమా తల్లి కూడా అదే పడవలో పోయిందని రాయవలసి వచ్చింది. రాసింది నేనే. బాగా వచ్చింది కూడా. చదివిన ప్రతి అతిథీ ఆ పేరా దగ్గర ఆగి ముక్కు చీదేవాడు. మొదట్లో సుందరమ్మ ఆదివారాలు ఫోను చేసేది. అనాథలకు ఫోన్లు రావడం పద్ధతి కాదని డైరెక్టరు గారు అది ఆపించారు.

అలా సముద్రంలో మునిగిపోయిన సుందరమ్మ ఒక బుధవారం పొద్దున్న రెండు సూట్‌కేసులతో ఆటో దిగి, సదనం గేటు దగ్గర నిలబడింది.

"నా పిల్లని తీసుకెళ్దావని వచ్చానండి. ఇంక కువైట్ ఎళ్ళను. ఊళ్ళో రేకుల షెడ్డు ఏసుకున్నాను" అంది.

డైరెక్టరు గారు ఆవిణ్ణి ఆఫీసులో కూర్చోబెట్టి, చల్లటి మజ్జిగ ఇప్పించి, ఆవిడ లేదన్న సంగతి చాలా సౌమ్యంగా తెలియజేశారు. సంస్థ రికార్డుల ప్రకారం ఆవిడ కాలధర్మం చెందారని, ఆ విషయమై ఎన్నో సభల్లో కన్నీళ్ళతో సాక్ష్యం చెప్పి ఉన్నామని, ఇప్పుడు ఆవిడ బతికి ఉన్నట్టు అంగీకరిస్తే ఆ కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళ విశ్వాసం ఏం కావాలని అడిగారు. సుందరమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుని ఆలోచించింది. వాళ్ళకి నేను సారీ చెప్తానండి, అంది. అలా కుదరదన్నారు.

ఆయన రాతిగుండె మనిషి కాదు. దారి వెతికారు. బంధుత్వాన్ని పరిశీలించే యంత్రాంగం సదనంలో లేదు, అనుబంధాన్ని పరిశీలించే యంత్రాంగం మాత్రం సర్వాంగ సుందరంగా ఉంది. జెమీమా ఖర్చుకు విదేశం నుంచి నెలనెలా డబ్బు పంపే స్పాన్సరు ఈ మధ్యనే కుక్కపిల్లను తెచ్చుకుని మా ఖర్చు మానేశాడు కాబట్టి పిల్ల ప్రస్తుతం ఖాళీ. శనివారం పెద్ద టీము రాబోతోంది. వాళ్ళలో ఎవరితోనో అనుబంధం కుదిరేలోపు, సుందరమ్మే అతిథిగా వచ్చి, పిల్లతో అనుబంధం ఏర్పరచుకుని, స్పాన్సరుగా నమోదైతే, ఆపైన స్పాన్సరు మాటకు మా సంస్థలో తిరుగు లేదు. ఇదీ ఆయన వెతికిన దారి.

సుందరమ్మకు ఇందులో చివరి మాట తప్ప ఏదీ అర్థం కాలేదు. ఏం చెయ్యమంటే అది చేస్తాను, నా పిల్లని ఇచ్చెయ్యండి, అంది. ఆ విధంగా మా సదనం చరిత్రలో మొట్టమొదటి ఒంటిమనిషి మిషన్ టీము తయారైంది.

టీముకు టీషర్టు ఉండాలి. పాత టీము వదిలేసిన పెద్ద సైజుది ఒకటి దొరికింది, చీర మీద తొడిగించాం. మోకాళ్ళ దాకా వచ్చింది. తర్వాత అతిథులకు ఇచ్చే సాంస్కృతిక పరిచయం జరిగింది. ఈ ప్రాంతపు ప్రజలు కుడిచేత్తో అన్నం తింటారని, కొత్తవాళ్ళకు ఇది వింతగా తోచినా నవ్వకూడదని డైరెక్టరు గారు వివరించారు. కూరల్లో కారం ఎక్కువ ఉంటుంది, జాగ్రత్త. ఇక్కడి నీళ్ళు మీ కడుపుకు పడవు, సీసా నీళ్ళే తాగండి. ఇక్కడి స్త్రీలు శ్రమజీవులు, వాళ్ళను చూసి నేర్చుకోవలసింది ఎంతో ఉంది. సుందరమ్మ ప్రతి దానికీ ఆయ్, ఆయ్ అంటూ తలూపింది. సందేహాలుంటే అడగమంటే, పిల్ల ఎక్కడుందండీ అని అడిగింది.

పిల్ల స్తంభం వెనక ఉంది.

ఉండవలసినట్టే ఉంది. సగం మొహం కనిపించేలా, ఒక చెయ్యి స్తంభం మీద వేసి, కాలి బొటనవేలితో నేల గీస్తూ. సుందరమ్మ పరుగెత్తబోయింది. మొదటి రోజు స్పర్శ లేదని చెప్పి డైరెక్టరు గారు ఆపారు. నన్ను మధ్యలో నిలబెట్టారు.

"పొడుగైపోయిందేంటండీ" అంది సుందరమ్మ.

"నువ్వు పొడుగయ్యావంటున్నారమ్మా" అన్నాను పిల్లతో.

పిల్ల నా వైపే చూస్తూ, ఆవిడ చిక్కిపోయారని చెప్పండి, అంది. చెప్పాను. అన్నం తింటున్నావా అని ఆవిడ, తింటున్నానని ఈ పిల్ల, జుట్టు ఎవరు దువ్వుతున్నారని ఆవిడ, నేనే దువ్వుకుంటున్నానని ఈ పిల్ల, తెలుగు మాటలన్నీ ఇటునుంచి అటు తెలుగులోనే మోశాను. నా సర్వీసులో ఇంత తేలికైన పని చెయ్యలేదు. ఇంత బరువుగా ఉన్న పనీ చెయ్యలేదు. మధ్యలో ఒకసారి అలవాటుగా ఇంగ్లీషులో చెప్పేశాను, ఇద్దరూ నా మొహంలోకి చూశారు.

మధ్యాహ్నం గోడ పని. మా తూర్పు గోడకు ప్రతి టీమూ రంగు వేస్తుంది. ఎంతమంది వేశారంటే, ఆ గోడ ఇప్పుడు జానెడు లావెక్కి కిటికీ తలుపులు మూతపడటం లేదు. విదేశీ అతిథులు గంటసేపు బ్రష్షు తిప్పి, ఫొటో దిగి, అలసిపోయి నీడకు వెళ్తారు. సుందరమ్మ చీర చెంగు దోపుకుని పని మొదలుపెట్టి, పొద్దు వాలేసరికి గోడంతా అద్దంలా చేసింది. డైరెక్టరు గారు చూసి కంగారుపడ్డారు. శనివారం వచ్చే టీముకు సేవ చెయ్యడానికి ఏం మిగిలిందని అడిగారు. వార్డెను పిల్లలకు తలో కొబ్బరి చిప్ప ఇచ్చి రంగు గీకించింది.

రెండో రోజు బంతిపువ్వు. జెమీమా పువ్వు రెండు చేతులా పట్టుకుని వచ్చి, ఇచ్చి, ఒళ్ళో కూర్చుని, మెడ చుట్టూ చెయ్యి వేసి, తల కొంచెం కెమెరా వైపు వాల్చింది. ఏ లోపమూ లేదు. డైరెక్టరు గారు ఆనందంతో ఫొటో మీద ఫొటో తీస్తున్నారు. సుందరమ్మ మాత్రం కొయ్యబారిపోయి కూర్చుంది. పిల్ల లేచి వెళ్ళాక నన్ను పక్కకు పిలిచింది.

"ఏవండీ, అది నా మీద బెంగతోనే ఒచ్చి కూర్చుందంటారా? అందరి ఒళ్ళోనూ ఇలాగే కూర్చుంటుందా?"

ఇంతకాలం ఎందరివో మాటలు మార్చి ఇచ్చాను గాని, నా సొంతంగా ఒక మాట చెప్పవలసి వస్తే నా దగ్గర ఏమీ లేదు. రేపు తెలుస్తుందమ్మా అన్నాను. ఆ జవాబు నాకే నచ్చలేదు.

ఆ సాయంత్రం డైరెక్టరు గారు హుషారుగా ఉండి, ధ్రువీకరణ తర్వాత అందే సౌకర్యాలను సుందరమ్మకు వివరించారు. ఫ్రేము కట్టిన ఫొటో ఇస్తారు. క్రిస్మస్‌కు బిడ్డ స్వయంగా గీసిన బొమ్మ పంపుతారు. పుట్టినరోజున బిడ్డ మీకోసం ప్రార్థన చేస్తుంది. మీరు మళ్ళీ ఎప్పుడైనా టీముగా రావచ్చు.

"పిల్లని ఎప్పుడు పంపుతారండీ?" అంది సుందరమ్మ.

ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. ఏ పిల్లనని అడిగారు. తర్వాత అర్థమై నొచ్చుకున్నారు. అనుబంధం ధ్రువపడిన బిడ్డను పద్దెనిమిదేళ్ళు నిండేదాకా సదనం దాటించే ప్రసక్తే లేదని, స్పాన్సరు తిరిగి వచ్చినప్పుడు బిడ్డ ఇక్కడ లేకపోతే ఆ స్పాన్సరు మనోభావాలు ఎంత గాయపడతాయో ఆలోచించాలని అన్నారు. ఆ స్పాన్సరును నేనే కదండీ అంది సుందరమ్మ. అందుకే మీ మనోభావాల విషయంలో మేము రాజీ పడబోమని ఆయన హామీ ఇచ్చారు. స్పాన్సరు మాటకు తిరుగు లేదన్నారు కదండీ అని గుర్తు చేసింది. కూర, ఫొటో సైజు, ప్రార్థన అంశం, ఈ మూడింటిలోనూ తిరుగు లేదన్నారు.

సుందరమ్మ ఆఖరికి ఒకటే అడిగింది. రేపు పిల్ల ఏడవకపోతే ఏమవుతుందండీ?

డైరెక్టరు గారు నవ్వారు. జెమీమా విషయంలో ఆ భయం అక్కర్లేదన్నారు. సిద్ధాంతరీత్యా అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నానని, అనుబంధ సామర్థ్యం నశించిన బిడ్డ సంస్థ ధ్యేయానికే విఘాతం కనుక అలాంటి బిడ్డను ఒక్క పూట కూడా ఉంచకుండా, అడిగినవారికి అప్పగించి పంపేస్తామని అన్నారు. ఇంతవరకూ అలాంటి దురదృష్టం జరగలేదట.

దాంతో సంగతి తేలిపోయింది. పిల్ల తల్లికోసం ఏడిస్తే తల్లికి దక్కదు. ఏడవకపోతే దక్కుతుంది. ఏడవడంలో ఆ పిల్లకు సాటి లేదు.

ఆ రాత్రి పిల్లతో ఒక్క మాట చెప్పనివ్వమని ఆవిడ నన్ను బతిమాలింది. అతిథిని బిడ్డతో కలిపే అధికారం నాకు లేదు. ఉన్న ఉద్యోగం పోతే ఈ వయసులో నన్ను ఎవరు పెట్టుకుంటారని భయపడ్డాను. చెయ్యలేనమ్మా అన్నాను.  

మూడో రోజు వరండా ముందు వ్యాను పెట్టారు. పిల్లలందరూ వరసగా నిలబడి వీడ్కోలు పాట ఎత్తుకున్నారు. డైరెక్టరు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ స్తంభం దగ్గర నిలబడ్డారు. జెమీమా నూనె రాసుకుని, రెండు జడలు వేసుకుని, వ్యాను తలుపు పక్కన తన చోటికి వచ్చి నిలబడింది. డ్రైవరు ఇంజను వేశాడు. పిల్ల గడ్డం వణకడం మొదలైంది.

సుందరమ్మ నా వైపు తిరిగింది. డైరెక్టరు గారు పక్కనే ఉన్నారు.

"ఏడవొద్దని సెప్పండి" అంది.

నాకు ప్రాణం చివుక్కుమంది. ఇన్నేళ్ళుగా వ్యాను తలుపు దగ్గర ప్రతి అతిథీ అనే మాట అదే. ఏడవకు తల్లీ అని వాళ్ళు అనడం, నేను చెప్పడం, పిల్లలు ఇంకా పెద్దగా ఏడవడం. ప్రణాళికలో అది ఏడుపుకు సైగ. డైరెక్టరు గారు కూడా ఆ మాట వినగానే తృప్తిగా తల ఆడించి జేబులోంచి చేతిరుమాలు తీశారు. ఈ ఒక్కావిడ ఆ మాటను నిజంగా అంటోందని తొమ్మిదేళ్ళ పిల్లకు ఎలా తెలియాలి? వివరించి చెబుదామంటే పక్కన ఆయన.

"ఏడవొద్దంటున్నారమ్మా" అన్నాను. ఎప్పుడూ అనేటట్టు కాకుండా, వట్టిగా అన్నాను.

జెమీమా మొదటిసారి నన్ను దాటి తల్లి మొహంలోకి చూసింది. చూసి చూసి, కింది పెదవిని పళ్ళతో నొక్కి పట్టుకుంది. సుందరమ్మ ఎక్కాక వ్యాను కదిలింది. పిల్ల కళ్ళు నిండాయి గాని ఒక్క చుక్క కింద పడలేదు. వ్యాను గేటు దాటింది. పడలేదు.

డైరెక్టరు గారు వ్యానును వెనక్కి పిలిపించారు. సాంకేతిక లోపం అయి ఉంటుందని మళ్ళీ పాట పాడించారు. వ్యాను మళ్ళీ వెళ్ళింది. పిల్ల పెదవి మీద పళ్ళ గుర్తులు పడ్డాయి గాని ఏడవలేదు. మూడోసారి ఆయనే స్వయంగా కొంచెం ఏడ్చి చూపించారు. లాభం లేకపోయింది. చివరికి పిల్ల దగ్గరకు వచ్చి, ఎందుకమ్మా ఏడవడం లేదని అడిగారు.

"ఏడవొద్దన్నారు కదండీ" అంది జెమీమా.

ఆయన నిర్ఘాంతపోయారు. అందరూ అంటారు గాని ఎవరైనా వింటారా అని నన్ను అడిగారు. ఇంతకాలం సంస్థ ఆ పిల్ల మీద పెట్టిన శిక్షణ అంతా బూడిదలో పోసినట్టయిందని, శనివారం టీము కంట ఇలాంటి బిడ్డ పడకూడదని, తక్షణం పంపించెయ్యమని ఆజ్ఞాపించారు. వార్డెను రేకుపెట్టె తెచ్చి వరండాలో పెట్టింది. అనుబంధం కుదరని అతిథికి వ్యాను సౌకర్యం లేదు కాబట్టి సుందరమ్మ సూట్‌కేసులు రెండూ ఎత్తుకుంది, పిల్ల పెట్టె నెత్తిన పెట్టుకుంది. ఇద్దరూ ఒకరినొకరు తాకకుండా, ఏమీ మాట్లాడుకోకుండా గేటు దాటారు.

కాలవ గట్టు మీదకు ఎక్కారో లేదో, పెట్టె కింద పడిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఇంకో చప్పుడు.

డైరెక్టరు గారు లోపలికి వెళ్ళబోతున్నవారు ఆగారు. ఆయనకు కళ్ళజోడు పెట్టుకున్నా అంతదూరం ఆనదు.

"యోనా మాస్టారూ, అదేమిటి? ఆ బిడ్డ ఏడుస్తున్నట్టుందే. చూసి చెప్పండి. అనుబంధం గేటు లోపలే ఏర్పడాలని రూల్లో ఎక్కడా లేదు. ఏడుస్తుంటే వెనక్కి తీసుకురావలసి ఉంటుంది."

చూశాను. సుందరమ్మ గట్టు మీద చతికిలబడిపోయింది. జెమీమా రెండు పిడికిళ్ళతో తల్లిని ఎక్కడపడితే అక్కడ కొడుతోంది. ముక్కు కారుతోంది, జడ ఊడిపోయింది, నోరంతా తెరుచుకుని, మా సదనంలో ఎప్పుడూ వినని గొంతుతో, ఏ ఫొటోకూ పనికిరాని ఏడుపు ఏడుస్తోంది. తల్లి దెబ్బలన్నీ తింటూ, పిల్లను లాక్కుని టీషర్టులోకి పొదువుకుంటోంది.

"నవ్వుతోందండీ" అన్నాను.

డైరెక్టరు గారు నిట్టూర్చారు. అయితే ఆ బిడ్డకూ మనకూ ఏ సంబంధమూ లేదు, గేటు వేయించండి, అన్నారు.

ఎవరినీ పిలవకుండా ఆ పని నేనే పరుగెత్తుకుంటూ వెళ్ళి చేశాను.